పడమటి ఎండలో వాల్‌నట్ రంగు: హన్మకొండలో ఒక ఇంటి కిటికీల కేస్

హన్మకొండలో యూపీవీసీ (గట్టి రకం ప్లాస్టిక్) కిటికీలు తయారుచేసి బిగించే చిన్న వర్క్‌షాప్ నాది. ఈ పనిలోకి వచ్చి పదకొండేళ్లు. మంచిగా కుదిరిన ఇళ్ల ఫొటోలు ఫోన్‌లో వందల కొద్దీ ఉన్నాయి. వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ ఒక్క ఇంట్లో రంగు దగ్గర తప్పు చేశాను, సరిచేయడానికి జనవరి నుంచి నవంబర్ దాకా పట్టింది. ఇల్లు ఎవరిదో తెలియకుండా కుటుంబం గురించిన కొన్ని వివరాలు మార్చాను. కొలతలు, రంగులు, జరిగిన వరుస మార్చలేదు.

ఇల్లు, ఇంటివాళ్లు

ఇద్దరూ రిటైరైన టీచర్లు. 250 గజాల స్థలం, జీ ప్లస్ వన్, పడమర ముఖం. మొత్తం 14 కిటికీలు, అందులో రోడ్డు వైపు, అంటే పడమరకు, ఐదు. కింద హాల్ కిటికీ 8 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. దాని పక్క గదికి ఒకటి, పైన మూడు, ఈ నాలుగూ 5 బై 4. అన్నీ స్లైడింగే.

ఇంటి ముందు ఖాళీ ప్లాట్లు. ఒక్క చెట్టు లేదు. పైగా ఎలివేషన్ డిజైన్ చేసినాయన కిటికీల మీద సజ్జలు తీసేశాడు. సజ్జ ఉంటే పాత ఇల్లులా కనబడుతుందని ఇప్పుడు చాలామంది అంటున్నారు, ముందు భాగం డబ్బాలాగా చదునుగా ఉండాలి. కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఆ ఐదు కిటికీల మీద ఎండ నేరుగా పడుతుంది. ఈ సంగతి మొదటిసారి సైట్‌కు వెళ్లినప్పుడే నా కళ్ల ముందు ఉంది. కొలతలు తీసుకున్నాను, మేస్త్రితో మాట్లాడాను, టీ తాగి వచ్చాను. దిక్కు గురించి నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం రాసుకోలేదు.

ఇంకో విషయం. కిటికీ గూళ్లకు నాలుగు వైపులా అప్పటికే గ్రానైట్ పట్టీలు బిగించేశారు. కరీంనగర్ టాన్ బ్రౌన్, ముదురు గోధుమలో ఎర్రటి, నల్లటి మచ్చలుండే రాయి. మా వైపు సగం ఇళ్లలో మెట్లకీ, కిచెన్ గట్టుకీ అదే కనబడుతుంది.

రంగు ఎలా ఖాయమైంది

సార్ పుట్టి పెరిగింది వరంగల్ మట్టెవాడలో, టేకు దర్వాజలున్న పెంకుటింట్లో. ఆయనకు చెక్క రంగు కావాలి. మేడంకు దుమ్ము కనబడని రంగు కావాలి. అమెరికాలో ఉన్న కొడుక్కి నల్ల ఫ్రేములు కావాలి, వాట్సాప్‌లో రోజుకు నాలుగు ఫొటోలు పంపేవాడు. తెలుపు మాట నేనెత్తగానే ముగ్గురూ ఒక్కటయ్యారు. "తెల్లగుంటె దవాఖాన లెక్క కొడుతది తమ్మీ," అన్నారు సార్. ఆ మాట నేను కనీసం యాభై ఇళ్లలో విని ఉంటాను.

చివరికి వాల్‌నట్, అంటే ముదురు గోధుమ చెక్క రంగు దగ్గర ఆగాం. చెక్క డిజైన్ ఉంది కాబట్టి సార్‌కు నచ్చింది, నలుపుకు దగ్గరగా ముదురుగా ఉంది కాబట్టి కొడుకు సరేనన్నాడు. ముగ్గురి మధ్య రాజీ కుదిర్చిన రంగు అది. ఎండతోనూ రాయితోనూ కుదురుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేను. అప్పుడు నా మనసులో ఉన్నవి రెండే: ఇంతకుముందు వాల్‌నట్ వేసిన ఇళ్లలో ఫిర్యాదు రాలేదు, తెల్ల సెక్షన్ (ఫ్రేమ్ తయారుచేసే ప్లాస్టిక్ బద్ద) కన్నా లామినేషన్‌లో, అంటే రంగు ఫిల్మ్ అంటించిన సెక్షన్‌లో నాకు నాలుగు పైసలు ఎక్కువ మిగులుతాయి. ఆ పాత ఇళ్లను తర్వాత ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటే, అన్నీ ఉత్తరం, తూర్పు కిటికీలు, లేదా వరండా నీడలో ఉన్నవి.

ఎంచుకున్న తీరు కూడా చెప్పాలి. మా షాపులో, ట్యూబ్‌లైట్ కింద, అరచేయంత ముక్క పట్టుకుని చూశారు. అదే ముక్కను ఫొటో తీసి రాత్రి కొడుక్కి పంపారు. గ్రానైట్ పక్కన పెట్టి చూడలేదు, ఎండలో చూడలేదు.

బిగింపు

సంక్రాంతి తర్వాత, చలి ఇంకా ఉండగా బిగించాం. హాల్ ఫ్రేమ్ కూర్చోబెట్టింది పొద్దున ఎనిమిదింటికి, 18 డిగ్రీలు ఉంటుందేమో. ఫ్రేమ్‌కూ రాయికీ మధ్య ఇరువైపులా నాలుగైదు మిల్లీమీటర్ల సందు వదిలి, దాన్ని నొక్కితే అణిగే ఫోమ్‌తో నింపి, పైన సిలికాన్ వేయడం మా పద్ధతి. ఆ రోజు ఫోమ్ డబ్బాలు అయిపోయాయి. కుర్రాళ్లు రేపు వేస్తామని వచ్చేశారు. మర్నాడు వెళ్లేసరికి మేస్త్రి ఆ సందుల్లో సిమెంటు కూరి నున్నగా పూత పెట్టేశాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. ముప్పై ఏళ్లుగా టేకు చౌకట్లు నిలబెట్టిన మనిషి. చెక్క చౌకట్టుకు సందు లేకుండా సిమెంటు కూరడమే మంచి పని. చెక్క వేడికి పొడవులో దాదాపు సాగదు, యూపీవీసీ సాగుతుంది. మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీకి, 0.07 మిల్లీమీటర్ల చొప్పున. వినడానికి లెక్కలోకి రాదనిపిస్తుంది. 8 అడుగులంటే 2.4 మీటర్లు, వేడి 50 డిగ్రీలు పెరిగితే 8 మిల్లీమీటర్లు దాటుతుంది. లోపలి వైపు అంత వేడెక్కదు కాబట్టి నిజంగా సాగేది అందులో సగం, ముప్పావు ఉంటుంది. అయినా పోవడానికి చోటు కావాలి కదా.

సిమెంటు చూశాను. సిలికాన్ పైన వేసేయండిరా అన్నాను. ఈ కేసులో నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట అదే.

మే నెల

మే మొదటి వారంలో మేడం ఫోన్ చేశారు. "పొద్దుగాల మంచిగనే జరుగుతది తమ్మీ. నాలుగింటికి జరిపితె జరుగుతలేదు. రాత్రి పదింటికి మళ్ల మామూలే. పొద్దుగూకినంక టక్కు టక్కు సప్పుడు గూడ అయితాంది, ఎవలో తలుపు కొట్టినట్టు."

ఆ చప్పుడు సాగిన ఫ్రేమ్ చల్లబడి వెనక్కి జరిగేటప్పుడు వచ్చేది. అయితే మొదట నేను అలా అనుకోలేదు. షట్టర్ (జరిగే రెక్క) కింది రోలర్ ఇరుక్కుందనుకున్నాను.

వెళ్లింది సాయంత్రం నాలుగున్నరకు. గేటు దగ్గర నిలబడి ఇల్లు చూడగానే ఇంకో తప్పు తెలిసింది. వాల్‌నట్ ఫ్రేమ్, దాని చుట్టూ టాన్ బ్రౌన్ రాయి. రెండూ గోధుమే, కానీ ఒకటి పసుపు వైపు, ఇంకోటి ఎరుపు వైపు. పక్కపక్కన పెడితే రాయి మాసినట్టు, ఫ్రేమ్ నకిలీ చెక్కలా కనబడ్డాయి. విడివిడిగా రెండూ బాగుంటాయి. ముందున్న ఇనుప గ్రిల్‌కు వేసిన మూడో గోధుమ రంగు దాన్ని ఇంకా చెడగొట్టింది.

చేసి చూసినవి

మొదట రోలర్లు సర్దాను. షట్టర్‌ను రెండు మిల్లీమీటర్లు దించి, ట్రాక్‌లో సిలికాన్ స్ప్రే కొట్టాం. సాయంత్రం కొంచెం నయమైంది, పొద్దున మాత్రం షట్టర్ గలగలలాడింది, లాక్ కొక్కెం దాని గూట్లో పడలేదు. వేడికి సర్దితే చలికి చెడుతుంది. అప్పుడు అర్థమైంది ఇది రోలర్ జబ్బు కాదని.

తర్వాత సార్ సొంతంగా మందపాటి కర్టెన్ వేయించారు. గదిలో వెలుతురు తగ్గింది, కిటికీ మాత్రం అలాగే బిగిసింది. ఎండ తగిలేది ఫ్రేమ్ బయటి ముఖానికి, కర్టెన్ ఉండేది లోపల. పైగా అద్దానికీ కర్టెన్‌కూ మధ్య గాలి వేడెక్కి అక్కడే ఉండిపోయింది.

బయటి వైపు తెల్ల పెయింట్ కొట్టమని కొడుకు వీడియో కాల్‌లో అన్నాడు. ఆలోచన తప్పు కాదు. కానీ లామినేషన్ అంటే సెక్షన్ మీద అంటించిన పలుచటి ఫిల్మ్, దాని పైన నున్నటి యాక్రిలిక్ పొర. మామూలు ఎనామిల్ దాన్ని పట్టుకోదు, రెండు వానలకు పొలుసులుగా లేస్తుంది. వద్దన్నాను.

ఇక్కడ ఆగి, ఊహలు మానేసి కొలవాలనుకున్నాను. దూరం నుంచి వేడి చూపించే థర్మామీటర్ గన్ ఒకటి కొన్నాను. మే మూడో వారం, మధ్యాహ్నం మూడున్నర, గాలి 43 డిగ్రీలు. హాల్ ఫ్రేమ్ బయటి ముఖం 69. పక్కనే అరగంట ఎండలో పెట్టిన తెల్ల సెక్షన్ ముక్క 51. యూపీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, 69 అంటే దానికి ఎంతో దూరం లేదు. తెల్ల సెక్షన్ తయారీలో కలిపే టైటానియం డయాక్సైడ్ ఎండను వెనక్కి కొడుతుంది. ముదురు ఫిల్మ్ ఆ ఎండనంతా తాగేస్తుంది. లోపలి ప్లాస్టిక్ రెండింటిలో ఒకటే.

ఇంతటితో తప్పంతా రంగుదే అనేయొచ్చు. సిమెంటు వాటా ఎంత అనేది మాత్రం తేలలేదు. అది తేలకుండా ఐదు కిటికీలు మార్చితే, మార్చిన తర్వాత కూడా బిగిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? అందుకని రెండు పరీక్షలు చేశాను.

పై అంతస్తులో ఒకే సైజు కిటికీలు మూడున్నాయి. ఒకదాని చుట్టూ సిమెంటును సన్న ఉలితో చెక్కించి ఫోమ్ నింపాం. మిగతావి ముట్టుకోలేదు. రంగు అన్నింటికీ అదే, ఎండ అదే. నాలుగు రోజులు సాయంత్రం నాలుగింటికి వెళ్లి జరిపి చూశాను. ఫోమ్ వేసింది కొంచెం బలంగా లాగితే జరిగింది. సిమెంటువి రెండు చేతులతో లాగినా సగంలో ఆగాయి.

హాల్ కిటికీకి ఇంకో పరీక్ష. నర్సరీల మీద కప్పే పచ్చ నెట్ తెచ్చి, పై గోడ నుంచి కిందికి, కిటికీకి రెండడుగుల దూరంలో పందిరిలా కట్టాం. సిమెంటు అలాగే ఉంది. మర్నాడు మూడున్నరకు ఫ్రేమ్ 52 దగ్గర ఉంది, మేడం ఒక్క చేత్తో షట్టర్ జరిపారు. "గీ నెట్టే ఉంచు తమ్మీ, ఇగ పంచాయతి లేదు," అన్నారు. సార్ గేటు దాకా వెళ్లి, కొత్త ఇంటి ముందు వేలాడుతున్న ఆ పచ్చ గుడ్డను చూసి ఏమీ మాట్లాడకుండా లోపలికి వచ్చేశారు.

అంటే రెండూ కలిసి చేసిన పని ఇది. సిమెంటు ఒక్కటే ఉంటే, లేత రంగు ఫ్రేమ్ ఎలాగో గడిపేసేది. ముదురు రంగు ఒక్కటే ఉంటే, చిన్న కిటికీలు గడిపేసేవి. 8 అడుగులది మాత్రం ఎలాగైనా ఇబ్బంది పెట్టేదే. బయటి ముఖం 69, లోపలి ముఖం 45 ఉంటే షట్టర్ బయటికి విల్లులా వంగుతుంది. దాన్ని ఆపడానికే సెక్షన్ లోపల స్టీల్ పట్టీ వేస్తాం. మేం మధ్యలో కలిసే నిలువు సెక్షన్లకే వేశాం, అంచువాటికి వేయలేదు. తెల్లవాటిలో అలా నడిచిపోయేది కాబట్టి అలవాటైపోయింది.

ఏం చేయాలన్న ఆలోచన

అన్నిటికన్నా మంచి దారి సజ్జ. రెండడుగుల సజ్జ ఉంటే రంగు గొడవే రాదనను, ఎందుకంటే పడమటి ఎండ సాయంత్రానికి కిందికి దిగి సజ్జ కిందుగా కొడుతుంది. కానీ మధ్యాహ్నం కొంతసేపైనా కాపాడేది. మట్టెవాడ, గిర్మాజీపేట పాత ఇళ్లలో ముదురు టేకు కిటికీలు అన్నేళ్లు నిలిచాయంటే, చూరు ముందుకు వచ్చి నీడ ఇవ్వడం ఒక కారణం. సార్ చిన్నప్పటి ఇంటి రంగు గుర్తుంచుకున్నారు, చూరు గుర్తుంచుకోలేదు, నేనూ గుర్తు చేయలేదు. పెయింటింగ్‌తో సహా పూర్తయిన గోడకు ఇప్పుడు సజ్జ పోయడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

రెండో దారి ముదురు రంగు అల్యూమినియం. వేడికి యూపీవీసీలో మూడో వంతే సాగుతుంది, ఆ ఎండకు మెత్తబడే ప్రశ్నే లేదు. ముదురు రంగే కావాలని పట్టుబట్టే వాళ్లకు పడమర వైపు ఇప్పుడు నేను అదే చెబుతున్నాను, నా వర్క్‌షాప్‌లో చేయకపోయినా సరే. అయితే అది వేడిని తొందరగా లోపలికి తెస్తుంది, ఈ ఇంట్లో హాల్ సోఫా ఆ కిటికీకి ఆనుకునే ఉంది.

మూడోది, లోపలి వైపు మాత్రమే లామినేషన్ ఉన్న సెక్షన్. బయట తెలుపు, లోపల చెక్క రంగు. నాకు ఇదే సరైనదనిపించింది. చిక్కల్లా ఆ 'దవాఖాన' మాట.

ఈసారి మాటలతో ఒప్పించే ప్రయత్నం చేయలేదు. రెండడుగుల నిజమైన షట్టర్ మూలలు రెండు తయారుచేశాను, ఒకటి తెలుపు, ఒకటి వాల్‌నట్, అద్దంతో సహా. వాటిని పక్క గది కిటికీలో గ్రానైట్‌కు ఆనించి కట్టి, ముగ్గురం గేటు దగ్గర నిలబడ్డాం. పొద్దున ఎనిమిదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి. పగలు బయటి నుంచి చూస్తే అద్దం నల్లగా ఉంటుంది. వాల్‌నట్ ఆ నలుపులో కలిసిపోయి, రాయితో గొడవపడుతూ మసకగా ఉంది. తెలుపు మాత్రం నల్లటి అద్దానికీ గోధుమ రాయికీ మధ్య మూడు అంగుళాల గీతలా నిలిచింది. రాయి రంగు మొదటిసారి సరిగ్గా కనబడింది. తెల్ల గోడలో తెల్ల ఫ్రేమ్ పెడితే దవాఖానే. ఇక్కడ మధ్యలో రాయి ఉంది. సార్ చాలాసేపు చూసి, "గ్రిల్ రంగు మార్చాలె," అన్నారు. ఒప్పుకున్నారని దానర్థం.

ఆయన అన్నది చాలా సరైన మాట కూడా. మా ఊళ్లో కోతుల వల్ల గ్రిల్ లేని కిటికీ ఉండదు. దోమల జాలి షట్టర్‌ను వేళ్లతో పక్కకు జరిపి లోపలికి వచ్చే కోతిని నేను చూశాను. రోడ్డు మీది నుంచి కనబడేది సగం గ్రిల్లే. ఫ్రేమ్ రంగు మీద నెల రోజులు ఆలోచించిన వాళ్లు గ్రిల్ రంగును పెయింటర్‌కు వదిలేస్తారు. ఇక్కడ దాన్ని ముదురు బూడిద రంగుకు మార్చాం.

మేడం దుమ్ము మాట మర్చిపోలేదు. ఆ రెండు ముక్కల్నీ నాలుగు రోజులు పిట్టగోడ మీద వదిలేశాం. మధ్యలో ఒకరోజు మొక్కలకు కొట్టిన బోరు నీళ్లు వాటిమీద చిలికాయి. ఐదో రోజు మేడం చూపుడు వేలితో రెండింటి మీదా ఒక్కో గీత గీశారు. వాల్‌నట్ మీద గీత దూరానికి కూడా కనబడింది, చుట్టూ లేత ఎర్రటి దుమ్ము పొర, నీటి చుక్కలు ఎండిన చోట తెల్లటి ఉంగరాలు. తెల్లదాని మీద గీత వెతికితే కనబడింది. మురికి మాత్రం మూలల్లో, రబ్బరు పక్కన నల్లగా చేరింది. తడి గుడ్డతో రెండూ తుడిచారు. తెల్లదాని మీది మురికి పోయింది. వాల్‌నట్ మీది ఉంగరాలు పోలేదు. "ముదుర్దాని మీద దుమ్ము కనబడదనుకుంటి," అన్నారు. నేనూ కస్టమర్లకు అదే చెప్పేవాణ్ని.

మార్చిన తీరు

వానలు తగ్గాక అక్టోబర్‌లో మొదలుపెట్టాం. పడమర ఐదు కిటికీలూ తీసేసి బయట తెలుపు, లోపల వాల్‌నట్ వేశాం. హాల్‌లో 8 అడుగుల ఫ్రేమ్‌కు బదులు 4 అడుగులవి రెండు, మధ్యలో రెండింటినీ కలిపే కప్లర్. వేడికి దేని సాగుదల దానిదే. అన్ని నిలువు సెక్షన్లలో స్టీల్. చుట్టూ ఆరు మిల్లీమీటర్ల సందు, నేను దగ్గరుండి ఫోమ్ వేయించి, అదే రోజు సిలికాన్ పెట్టించాను. తూర్పు, ఉత్తరం, దక్షిణం వాల్‌నట్ కిటికీల్లో బిగుసుకుపోయే ఇబ్బంది లేదు కాబట్టి ముట్టుకోలేదు.

ఖర్చు: కూలీ మొత్తం నాది, సెక్షన్లలో సగం నాది. సార్ మొత్తం ఇస్తానన్నారు, నాకు మనసొప్పలేదు. తీసిన 5 బై 4 కిటికీల్లో రెండు మా ఇంట్లోనే ఉత్తరం గోడకు బిగించుకున్నాను. ఏ ఇబ్బందీ లేకుండా జరుగుతున్నాయి.

అన్నీ బాగా కుదిరాయని చెప్పను. గేటు దగ్గర నిలబడితే పడమర గోడతో పాటు ఉత్తరం వైపు పై కిటికీ ఒకటి కనబడుతుంది, అది వాల్‌నట్. తెల్లవాటి పక్కన అదొక్కటే ముదురుగా ఉంటుంది. మారుద్దామన్నాను, "ఉండనియ్, అదన్న నా రంగు," అన్నారు సార్. ఇంకోటి, షట్టర్ సగం తెరిస్తే లోపలి నుంచి కూడా అంచున సన్నటి తెల్ల గీత కనబడుతుంది. సెక్షన్ అసలు రంగు అది. బిగించిన రోజే సార్ కనిపెట్టారు. ముందే చెప్పి ఉండాల్సింది.

అప్పటి నుంచి నా పని

ఇప్పుడు కొత్త సైట్‌కు వెళ్తే టేపు కన్నా ముందు ఫోన్‌లో దిక్సూచి తీస్తాను. ప్రతి కిటికీ నంబర్ పక్కన దిక్కు, సజ్జ ఉందా లేదా, ఎదురుగా ఏముందో రాస్తాను. దక్షిణం, పడమర ఎండలో ఐదడుగులు దాటిన కిటికీకి ముదురు లామినేషన్ అడిగితే, బయట లేతగా ఉండే సెక్షన్ గానీ అల్యూమినియం గానీ తీసుకొమ్మంటాను. వద్దంటే ఆర్డర్ వదులుకుంటాను. ఇప్పటికి రెండు వదులుకున్నాను.

రంగు ముక్క షాపులో చూపించడం మానలేదు, కానీ అక్కడ ఖాయం చేయనివ్వను. ఇంట్లో మార్చలేనిది ఏది ఉందో, గ్రానైటో టైలో, దాని పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడమంటాను. గోడ రంగు ఐదేళ్లకు మారుతుంది, రాయి మారదు. లోపలి రంగు చూడాలంటే రాత్రి రమ్మంటాను. పగలు వెలుతురుకు ఎదురుగా ఏ ఫ్రేమ్ అయినా నల్లటి గీతలాగే కనబడుతుంది, చెక్క డిజైన్ తెలిసేది లైట్లు వేశాకే.

మేస్త్రితో మాట్లాడటం కూడా నేర్చుకున్నాను. ఫోమ్ అయ్యేదాకా సందు ముట్టుకోవద్దని ఫ్రేమ్ మీదే మార్కర్‌తో తెలుగులో రాస్తున్నాం. పై రక్షణ ఫిల్మ్ కూడా పెయింటింగ్ కాగానే మేమే వెళ్లి పీకేస్తున్నాం. ఈ ఇంట్లో తూర్పు కిటికీల మీద ఐదు నెలలు ఉంచేస్తే జిగురు ఎండకు ఉడికి, గోళ్లతో గీకాల్సి వచ్చింది.

ఈ మేలో ఇంకోసారి వెళ్లాను. మూడున్నర, గాలి 44. హాల్ కిటికీ బయటి ముఖం 52. మేడం వంటింట్లో ఉన్నారు, సార్ లేచి ఒక వేలితో షట్టర్ జరిపి చూపించారు. తర్వాత నన్ను మెట్లెక్కించి ఉత్తరం వైపు ఉన్న ఆ వాల్‌నట్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, థర్మామీటర్ దానికి కూడా పెట్టమన్నారు. 46 చూపించింది. ఆ అంకె చూసి, "మరి నా రంగుల తప్పేంది తమ్మీ," అని నవ్వారు.